కింది వాటా

ఉండవల్లి సెంటర్ దాటి కాస్త లోపలికి వస్తే మా వీధి. ఎదురింటి పైవాటాలో ఉండే ఆవిడ గుంటూరు పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నర్సుగా చేసి రిటైరయ్యారు. సంక్రాంతికి ముందు ఆవిడ కింది వాటా ఖాళీ అయింది. దాన్ని అద్దెకు అడుగుతున్నది పరాయివాళ్ళు కాదు, సొంత తమ్ముడి కూతురు. హైదరాబాద్‌లో ఓ హోటల్ స్పాలో ఏడేళ్ళు చేసి, మేనేజరయి, ఇప్పుడు ఇక్కడే సొంతంగా స్పా పెట్టుకుంటానని వచ్చింది. మేనత్త ఇవ్వనంటోంది. ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం ఇద్దరూ నన్ను పిలిచి మధ్యన కూర్చోబెట్టారు. గుంటూరు యార్డుకు పోయే మిర్చి టిక్కీల లారీల ఘాటు హైవే మీంచి మేడ దాకా వస్తోంది. నేను పెద్దగా మాట్లాడలేదు. వాళ్ళన్న మాటలు మాత్రం చాలా ఇళ్ళలో ఇంకా ఎవరూ పైకి అనుకోనివి. అందుకే రాసి పెట్టుకున్నాను.

మేనత్త: నీ మీద నమ్మకం లేక కాదే. ఆ బోర్డు నా గోడ మీద ఉండటం నాకిష్టం లేదు. స్పా అన్న మాటకి ఈ వీధిలో ఏ అర్థం ఉందో నీకు తెలియనిదా? బెజవాడలో ఫలానా రోడ్డులో పోలీసులు దాడి చేశారని పేపర్లో పడుతూనే ఉంటుంది. ఓనరు ఫొటో ఉండదు. మొహానికి చున్నీ కప్పుకున్న ఆడపిల్లల ఫొటో ఉంటుంది. పైగా వ్యభిచారం ఆపడానికి 1956లో చేసిన చట్టం ఒకటుంది. అందులో నడిపినవాడికే కాదు, సంగతి తెలిసీ అద్దెకిచ్చిన ఇంటివాళ్ళకి కూడా శిక్ష ఉంది. ఈ వయసులో నాకు కోర్టు మెట్లు ఎందుకు?

మేనకోడలు: తెలిసీ ఇస్తే కదా అత్తా! నువ్విచ్చేది నాకు. వచ్చేది ఆడవాళ్ళే, చేసేదీ ఆడవాళ్ళే.

మేనత్త: ఆడవాళ్ళకి ఆడవాళ్ళే అని బోర్డు రాస్తే సరిపోతుందా?

మేనకోడలు: సరిపోదు. ఢిల్లీ ప్రభుత్వం 2021లో అదే నిబంధన పెట్టింది. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు చేయాలని. ఆ ఏడాది డిసెంబరులోనే హైకోర్టు దాన్ని ఆపేసింది. నేను చట్టం కోసం అలా పెట్టడం లేదు. మన వైపు ఆడవాళ్ళు గడప దాటి లోపలికి రావాలంటే అలాగే ఉండాలి. అయినా ఆ మాట మురికి మాట కాదత్తా. స్పా అన్నది బెల్జియంలో ఒక ఊరి పేరు. నేలలోంచి ఊటలొచ్చే ఊరు. రోగం తగ్గుతుందని ఎక్కడెక్కడి వాళ్ళూ పోయేవాళ్ళు. రష్యా చక్రవర్తి పీటర్ 1717లో అక్కడికి పోయి నీళ్ళు తాగాడు. అలాంటి ఊళ్ళు యూరప్‌లో పదకొండింటిని కలిపి 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

మేనత్త: ఆ ఊళ్ళో ఊట ఉంది. నీ స్పాలో ఊట ఏదీ? బోరు నీళ్ళు, గీజరు. అంతేగా?

మేనకోడలు: నీళ్ళతో నాకు పని తక్కువే. నా దగ్గర ఉండేది చేతులు.

మేనత్త: మరి వచ్చేవాళ్ళు ఎవరు? తాడేపల్లిలో గంటకు 2,000 రూపాయలిచ్చి ఒళ్ళు పట్టించుకునే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పు.

మేనకోడలు: నువ్వనుకున్న తాడేపల్లి కాదిప్పుడు. కుంచనపల్లి వైపు ఆ అపార్ట్‌మెంట్లు చూడు. వడ్డేశ్వరంలో యూనివర్సిటీ, మంగళగిరిలో ఎయిమ్స్, అవతల సెక్రటేరియట్. పొద్దున లేచి బాక్సులు కట్టి, ఉద్యోగానికి పోయి, సాయంత్రం బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో కూర్చుని, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడే ఆడవాళ్ళు వాళ్ళంతా. మెడలు పట్టేసి ఉంటాయి. పన్ను కూడా తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్లకీ జిమ్ములకీ మాకూ జీఎస్టీ 18 శాతం నుంచి 5కి వచ్చింది. నూనెల మీదా తువ్వాళ్ళ మీదా మేం కట్టిన పన్ను వెనక్కి తీసుకునే వీలు తీసేశారనుకో. అయినా వచ్చేవాళ్ళకి తేలికేగా? ప్రపంచం మొత్తం మీద 2023లో వెల్‌నెస్ మీద పెట్టిన ఖర్చు 6.3 లక్షల కోట్ల డాలర్లని గ్లోబల్ వెల్‌నెస్ ఇన్‌స్టిట్యూట్ లెక్కేసింది.

మేనత్త: అందులో ఏమేం కలిపారు?

మేనకోడలు: అన్నీ. తిండి, క్రీములు, జిమ్ములు, టూరిజం. స్పాల వాటా చిన్నదే.

మేనత్త: అలా చెప్పు. పెద్ద అంకె చూపించి నన్ను పడగొట్టకు. నేను ఆసుపత్రిలో పెద్ద పెద్ద అంకెలు చూసి వచ్చినదాన్ని.

ఇక్కడ ఆవిడ లోపలికెళ్ళి, మేనకోడలు తెచ్చి ఇచ్చిన రంగుల కాగితం పట్టుకొచ్చారు. రేపు పంచడానికి వేయించిన కరపత్రం అది. దాని మీద ఎర్ర పెన్నుతో గీతలున్నాయి. ముందే చదివి, నర్సు కేసు షీటు చూసినట్టు చూశారన్నమాట.

మేనత్త: 'శరీరంలోని విషపదార్థాలను బయటకు పంపుతుంది' అని రాయించావు. ఏ విషం? ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుంది? చెమటలో పోయేది నీళ్ళూ ఉప్పూ. ఒంట్లో చెత్త తీసేది కాలేయం, మూత్రపిండాలు. అవి పనిచేయకపోతే నీ ఆవిరి గది పనికిరాదు, డయాలసిస్ కావాలి. ఆ వార్డులో నేను చేశాను.

మేనకోడలు: అది డిజైన్ చేసినవాడు ఎక్కడిదో తెచ్చి పెట్టాడు. తీయించేస్తాను.

మేనత్త: 'షుగర్, బీపీ అదుపులోకి' అన్నది?

మేనకోడలు: అదీ తీయిస్తాను. నేను చెప్పేది ఇంతే అత్తా. పట్టేసిన కండ వదులవుతుంది. ఆ నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుంది. ఆ రాత్రి నిద్ర పడుతుంది. మళ్ళీ అలాగే వంగి కూర్చుంటే మళ్ళీ వస్తుంది. దీన్ని వైద్యం అనను.

మేనత్త: ఒక పిక్క మాత్రమే వాచి, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉన్న మనిషి వస్తే?

మేనకోడలు: ముట్టుకోను. డాక్టర్ దగ్గరికి పంపుతాను.

మేనత్త: ఎందుకు?

మేనకోడలు: రక్తం గడ్డ ఉండొచ్చు. మర్దన చేస్తే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మేనత్త: ఊఁ.

ఆ 'ఊఁ'లో ఒక మెట్టు దిగడం ఉంది. కానీ అక్కడితో ఆగే మనిషి కాదావిడ. కరకట్ట మీదికి తీసుకెళ్ళారు మాటను.

మేనత్త: మనకు రెండడుగుల దూరంలో, కరకట్ట పక్కన, మంతెన సత్యనారాయణరాజు గారి ఆరోగ్యాలయం ఉంది. ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మట్టి పట్టీ, తొట్టి స్నానం, ఆవిరి. ఉప్పూ నూనే లేని తిండి. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు వంచాలి, నోరు కట్టుకోవాలి. ఇంటికొచ్చాక కూడా అలవాటు మార్చుకోవాలి. నీ దగ్గరికొచ్చిన మనిషి ఏం చేస్తుంది? పడుకుంటుంది. లేచి డబ్బు కట్టి పోతుంది.

మేనకోడలు: ఆ తొట్టి స్నానం ఎక్కడిదో తెలుసా? జర్మనీలో లూయీ కూనే అనే ఆయన చెప్పిన పద్ధతి. ఆయన పుస్తకాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మగారు తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి వైద్యం కథ మొదలుపెట్టేవాళ్ళు ఆ తెలుగు పుస్తకం దగ్గరే మొదలుపెడతారు. బయటి నుంచి వచ్చినదాన్ని మనవాళ్ళు అప్పుడు కాదనలేదు. ఇప్పుడు నా విషయంలోనే ఎందుకు కాదంటావ్?

మేనత్త: ఎందుకంటే కూనే చెప్పింది నీళ్ళ తొట్టి. అది పేదవాడికీ అందుతుంది. గాంధీగారు అలాంటి పుస్తకాలు చదివే మట్టి పట్టీలు వేసుకున్నారు. 1946లో పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో పల్లెటూరి వాళ్ళ కోసమే ఆశ్రమం పెట్టించారు. మట్టి, నీళ్ళు, ఎండ, గాలి. వీటిలో దేనికీ గంటకు 2,000 కాదు. హైదరాబాద్ అమీర్‌పేటలో సర్కారు ప్రకృతి చికిత్సాలయమే ఉంది. అలాంటిది ఇక్కడ ఒకటి రావాలంటే నా కింది వాటా ఊరికే ఇస్తాను.

మేనకోడలు: సర్కారు ఎప్పుడు పెడుతుందో తెలియదు. రెండు వారాలు ఇల్లు వదిలి ఆశ్రమంలో ఉండగలిగే ఆడది ఎంతమందిలో ఒకతి? పిల్లల పరీక్షలు, మామగారి మందులు, ఆఫీసులో సెలవు. ఆమెకి దొరికేది ఒక్క గంట. ఆ గంటే నేను అడుగుతున్నాను.

మేనత్త: సరే, ఆ గంట ఎవరికి దొరుకుతుందో చూద్దాం. ఈ లారీలు పోతున్నాయే, ఆ కాయకి తొడిమలు తీసిన చేతులు నేను చూశాను. సీజన్లో వార్డుకి వచ్చేవాళ్ళు, వేరే జబ్బుతో. చేయి పట్టుకుని నాడి చూడబోతే వెనక్కి లాక్కునేవాళ్ళు. మంట. నీళ్ళతో కడిగితే పోదది, కారం నూనెలో కరుగుతుంది కానీ నీళ్ళలో కరగదు. అందుకే పొద్దున పనికి పోయే ముందే కొబ్బరినూనె పట్టిస్తారు. రాత్రి మజ్జిగలో వేళ్ళు ముంచుకుని కూర్చుంటారు. కంట్లో నలుసు పడితే మోచేత్తో తుడుచుకుంటారు. పాలు తాగే బిడ్డని ఎత్తుకోవాలంటే భయం. గోళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉంటాయి. ఒళ్ళు పట్టేవాళ్ళు కావలసింది వాళ్ళకి. నీ 2,000 వాళ్ళకి నాలుగు రోజుల కూలి దాటిపోతుంది.

మేనకోడలు: వాళ్ళు నా దగ్గరికి కస్టమర్లుగా రారు. అబద్ధం ఆడను. కానీ నా దగ్గర పని నేర్చుకుంటామని వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఆ కళ్ళాల నుంచి వచ్చినవాళ్ళే. ఒకమ్మాయి వాళ్ళమ్మ ఇప్పుడు కూడా పెదకూరపాడు వైపు మిరప కోతలకు పోతోంది. ఆ అమ్మాయికి ఎండలో వంగి కోసే పని వద్దు. నీడన, ఏడాది పొడుగునా, నెలకు జీతం వచ్చే పని కావాలి. దానికి సర్టిఫికెట్టు చదువుంది. బ్యూటీ, వెల్‌నెస్ రంగానికి స్కిల్ కౌన్సిల్ అని కేంద్రం పెట్టించింది. పరీక్ష పెట్టి ఇస్తారు.

మేనత్త జవాబు చెప్పలేదు. కాసేపు ఇద్దరూ లారీల చప్పుడు విన్నారు. మిరప చేతుల గురించి ఆవిడ చెప్పినది వాదనలో గెలవడానికి చెప్పినట్టు నాకనిపించలేదు. అలాగే ఆ అమ్మాయి చెప్పినదీ. వాదన అంటే ఎదుటివాళ్ళ నోరు మూయించడమని అనుకునేవాళ్ళు వీళ్ళను చూడాలి.

మేనకోడలు: నీకింకో సంగతి చెప్తా. కృష్ణదేవరాయలి కాలంలో పోర్చుగల్ నుంచి పేస్ అనే ఆయన విజయనగరం వచ్చాడు, 1520 ప్రాంతంలో. రాయలు రోజూ ఎలా గడిపేవాడో రాసిపెట్టాడు. తెల్లవారకముందే లేచి ముప్పావు పైంటు నువ్వుల నూనె తాగేవాడట. ఒళ్ళంతా అదే నూనె పట్టించుకునేవాడట. రాజు చేస్తే ఠీవి. అదే ఈ రోజు ఒక టీచరమ్మ చేయించుకుంటే విలాసమా?

మేనత్త: సగమే చెప్పావు. నూనె పట్టించుకుని పడుకోలేదు ఆయన. బరువులెత్తి, కత్తి తిప్పి, పట్టించిన నూనె చెమటతో బయటకు వచ్చేదాకా వదల్లేదని ఆ పేసే రాశాడు. ఆ తర్వాత మల్లుడితో కుస్తీ. ఆ పైన గుర్రం. తెల్లవారాక స్నానం. ఒళ్ళు వంచినవాడికి నూనె. మనిళ్ళలోనూ అంతేగా? నరకచతుర్దశికి తలంటు, పెళ్ళికి నలుగు, బాలింతకి, బిడ్డకి. ఎవరూ టికెట్టు పెట్టి అమ్మలేదు. నువ్వు పుట్టినప్పుడు నీకు నీళ్ళు పోసింది ఎవరనుకున్నావు? మీ అమ్మకి చేతకాలేదు, అప్పటికింకా చిన్నపిల్ల. మా ఊరి నుంచి ఒకావిడ వచ్చేది.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన తీరు చూడాలి. చెప్తూ చెప్తూ తానే రెండు కాళ్ళూ చాపుకున్నారు, ఆ కాళ్ళ మీద ఇంకా ఓ బిడ్డ ఉన్నట్టు.

మేనత్త: పీట గోడకు ఆనించి కూర్చునేది. కాళ్ళు రెండూ దగ్గరగా చాపి, వాటి మధ్య పల్లంలో నిన్ను వెల్లకిలా పడుకోబెట్టేది. ముందు ఆముదం గోరువెచ్చగా చేసి మాడు మీద అద్దేది. అద్దడమే, రుద్దడం కాదు. తర్వాత ఛాతీ మీంచి భుజాలకి, భుజాల మీంచి వేళ్ళకి, ఒక్కో వేలూ విడదీసి. కుడి చేయి ఎడమ కాలు కలిపి మెల్లగా ముడిచి, మళ్ళీ ఎడమ చేయి కుడి కాలు. అప్పుడు బోర్లా తిప్పి వీపు. సున్నిపిండి తడిపి, తన అరచేతి మీద ముందు రుద్ది చూసుకునేది, గరుగ్గా ఉందేమోనని. చెంబుతో పోసేటప్పుడు నీ నుదుటికి ఎడం చేయి అడ్డం పెట్టేది. ఒక్క చుక్క కంట్లోకి పోయేది కాదు. తుడిచి, సాంబ్రాణి పొగ మీద జుట్టు ఆరబెట్టి, నిన్ను నా చేతికిచ్చేది. అప్పటికే నిద్రపోయేదానివి. నేను ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంటులో ఎంతో మందిని చూశాను. అంత తెలిసిన చేయి చూడలేదు.

మేనకోడలు: ఆవిడ పేరేంటత్తా?

మేనత్త: ...

మేనకోడలు: నలభై రోజులు నన్ను ముట్టుకున్న మనిషి కదా. పేరు చెప్పు.

మేనత్త: మంగలావిడ అనేవాళ్ళం. మా అమ్మ కూడా అలాగే పిలిచేది.

మేనకోడలు: ఏమిచ్చారు?

మేనత్త: చీర పెట్టాం. బియ్యం, పప్పు. నూర్పిళ్ళప్పుడు వాళ్ళింటికి మేర ఎటూ ఉండేది, గింజలు కొలిచేవాళ్ళు.

మేనకోడలు: మంచినీళ్ళు ఎక్కడ తాగేది?

మేనత్త: ... దొడ్లో. ఆవిడ చెంబు వేరుగా ఉండేది.

ఇంత పెద్ద మౌనం ఆ మేడ మీద నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ చాపిన కాళ్ళు ముడుచుకున్నారు. నాకూ మా ఇంట్లో నీళ్ళు పోసిన మనిషి గుర్తొచ్చింది. ఆమె పేరు నాకూ తెలియదు. మన నలుగూ తలంటూ ఎంత గొప్పవో చెప్పుకునేటప్పుడు, వాటిని చేసిన చేతుల్ని ఇంటి వెనక్కి పంపి నీళ్ళిచ్చిన సంగతి వదిలేస్తాం. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మా ఇద్దరికీ తగిలింది. కానీ మేనత్త తగిలిన దెబ్బ చూసుకుంటూ కూర్చునే మనిషి కాదు.

మేనత్త: సరే. తప్పు మాదే. ఇప్పుడు నన్నడిగినట్టే నిన్నడుగుతా. మీ హోటల్లో చేసే అమ్మాయిల్ని ఏ పేరుతో పిలిచేవాళ్ళు?

మేనకోడలు: ... బ్యాడ్జి మీద పేర్లతో.

మేనత్త: అవి వాళ్ళ పేర్లేనా?

మేనకోడలు: కాదు. మిజోరం అమ్మాయి ఒకామె ఉండేది. ఆమె పేరు గెస్టులకి నోరు తిరగదని మేనేజ్‌మెంటు ఆమెకి పూల పేరొకటి పెట్టింది. రోజీయో లిల్లీయో. ఆమె వెళ్ళిపోయాక అదే బ్యాడ్జి ఇంకో అమ్మాయికి పెట్టారు.

మేనత్త: నువ్వు మేనేజరువి కదా?

మేనకోడలు: అప్పటికి కాదు.

మేనత్త: మరి అప్పుడేం చేసేదానివి? రిసెప్షన్ అన్నావుగా మీ నాన్నకి.

మేనకోడలు: రిసెప్షన్ కాదత్తా. మొదటి నాలుగేళ్ళూ నేనూ థెరపిస్టునే. రోజుకి ఐదుగురు, శని ఆదివారాలు ఆరుగురు, ఏడుగురు. నాకూ బ్యాడ్జి ఉంది. నా పేరు కాదు దాని మీద. నాన్నకి చెప్పలేదు. ఒళ్ళు పట్టే పని అని తెలిస్తే చచ్చిపోయేవాడు.

మేనత్త చాలాసేపు ఆ పిల్ల మొహంలోకి చూశారు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను, ఇది ఇంటి గుట్టు కదా అని. ఆవిడే చేత్తో కూర్చోమన్నారు.

మేనత్త: మీ నాన్న నాకన్నా చిన్నవాడు, వాడికి గుర్తుండదు. నేను నర్సింగులో చేరతానన్నప్పుడు మా నాన్న మూడు రోజులు అన్నం మానేశాడు. పరాయి మగాళ్ళ ఒళ్ళు తుడిచే పని మా పిల్లకెందుకని. రెండు సంబంధాలు ఆ మాట మీదే తప్పిపోయాయి. యూనిఫాం వేసుకుని బస్సెక్కితే చూసే చూపులు ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాతెప్పుడో సిస్టరమ్మ అని దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. పని అదే. నేను చేసింది మొదటి రోజూ చివరి రోజూ ఒళ్ళు తుడవడమే, గాయం కడగడమే.

మేనకోడలు: ఒకావిడ వచ్చేది అత్తా, అక్కడికి. యాభై దాటినావిడ. స్కూల్లో టీచరు. కూతురు గిఫ్టు వోచరు ఇచ్చిందని వచ్చింది. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడింది. బల్ల మీద పడుకున్నాక పాదాలు పట్టుకోబోతే, వద్దమ్మా, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి అని లేచి కూర్చుంది. నచ్చజెప్పి పడుకోబెట్టాను. పది నిమిషాలకి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది. నొప్పెట్టిందా అంటే కాదంది. ముప్ఫై ఏళ్ళుగా అత్తగారి కాళ్ళు ఒత్తాను, ఆయన కాళ్ళు ఒత్తాను, నాకెవరూ ఒత్తలేదమ్మా అంది. నేనేం చేయాలి? తువ్వాలు కప్పి, పాదాల మీద చేతులుంచి అలాగే కూర్చున్నాను. ఆ గంటకి డబ్బెందుకు తీసుకున్నావంటే, అది నా జీతం కాబట్టి. ఆవిడకి ఏమీ జరగలేదంటే మాత్రం ఒప్పుకోను.

మేనత్త: ఇలా రా. చేయివ్వు.

కుడి చేయి తీసుకుని, బొటనవేలి మొదట్లో, మణికట్టుకు పైన, తన వేలితో ఒకచోట నొక్కారు. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. మళ్ళీ అక్కడే కాస్త పక్కన నొక్కారు. ఈసారి చేయి వెనక్కి లాక్కుంది. మిరప కూలీలు నాడి చూడనివ్వకుండా చేయి లాక్కునేవాళ్ళని ఇందాక ఆవిడే చెప్పారు.

మేనత్త: ఎన్నాళ్ళ నుంచి?

మేనకోడలు: మూడేళ్ళు దాటింది. ఆ పని చేసేవాళ్ళలో చాలామందికి ఉంటుంది. అందుకే మేనేజరు పోస్టు అడిగాను. జీతం కోసం కాదు.

మేనత్త: మరి నీ దగ్గర చేసే పిల్లలకి?

మేనకోడలు: రోజుకి నలుగురి కన్నా ఎక్కువ ఇవ్వను. గట్టిగా నొక్కాల్సిన డీప్ టిష్యూ మసాజ్ ఒక్కొక్కరికీ రోజుకి ఒకటే. మోచేతితో, ముంజేతితో చేయడం నేర్పిస్తాను. బొటనవేలి మీద బరువు పడకుండా.

మేనత్త: ఎవరైనా చెడ్డగా ప్రవర్తిస్తే? ఆడవాళ్ళే వచ్చినా, వాళ్ళను దింపడానికి వచ్చినవాడు ఉంటాడుగా.

మేనకోడలు: పనిచేసే చోట వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది పనివాళ్ళుంటే లోపలే కమిటీ పెట్టాలి. నా దగ్గర అంతమంది ఉండరు కాబట్టి జిల్లా లోకల్ కమిటీకి పోవచ్చు. ఆ సంగతి తెలుగులో రాసి లోపలి గోడకి అంటిస్తాను. మగవాళ్ళు గేటు బయటే.

మేనత్త: ప్లాను తెచ్చావా?

ఆ పిల్ల సంచిలోంచి గళ్ళ కాగితం తీసి చాప మీద పరిచింది. పెన్సిల్‌తో కొలతలేసి గీసింది. ముందు రిసెప్షన్, దాని పక్కన చెప్పుల స్టాండు, తులసి కోటని కదపకుండా వదిలిన చోటు, లోపల వరసగా నాలుగు గదులు, చివర ఆవిరి గది, బాత్‌రూమ్. గదుల్లో బల్లలు కూడా గీసింది, పొడవూ వెడల్పూ రాసి. మేనత్త కళ్ళద్దాలు సర్దుకుని, వీధి గుమ్మం దగ్గర వేలు పెట్టి మెల్లగా లోపలికి నడిపించుకుంటూ పోయారు. రిసెప్షన్ దాటారు. మొదటి గది, రెండోది, మూడోది, నాలుగోది. ఆవిరి గది. మళ్ళీ వెనక్కి వచ్చారు.

మేనత్త: వాళ్ళు అన్నం ఎక్కడ తింటారు?

మేనకోడలు: ఎవరు?

మేనత్త: చేసే పిల్లలు. ఒకరి తర్వాత ఒకరికి చేసి, మధ్యలో అరగంట దొరికితే నడుం ఎక్కడ వాలుస్తారు? బట్టలు ఎక్కడ మార్చుకుంటారు? నెలసరి వస్తే? మా వార్డులో నర్సుల గది అని ఒకటుండేది. దాంట్లో ఫ్యాను తిరిగేది కాదు, కానీ తలుపుంది, గడియ ఉంది.

మేనకోడలు: ... రిసెప్షన్ వెనకాల స్టూలు వేద్దామనుకున్నాను.

మేనత్త: మా అమ్మ కూడా దొడ్లో పీట వేసేది.

ఆ పిల్ల తలొంచుకుని కాగితం వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత రబ్బరు తీసుకుని నాలుగో గదిలో బల్ల చెరిపింది. గీతలు పూర్తిగా పోలేదు, మసకగా మిగిలాయి. కాగితం వెనక్కి తిప్పి లెక్క వేయడం మొదలుపెట్టింది. మూడు గదులు, రోజుకి ఎంతమంది, నెలకి ఎన్ని రోజులు, ముగ్గురు అమ్మాయిల జీతాలు, కరెంటు, నూనెలు, తువ్వాళ్ళు ఉతకడానికి. ఒకచోట ఆగి కొట్టేసి, మళ్ళీ వేసింది.

మేనకోడలు: మూడు గదులతో అయితే నువ్వడిగిన అద్దె నేను ఇవ్వలేను అత్తా.

మేనత్త: అద్దె నేనింకా అడగలేదు. టీ పెడతాను. అది ఇంకోసారి వెయ్యి, ఆ లెక్క.

తాళం చెవులు వంటింటి గుమ్మం పక్కన మేకుకే ఉన్నాయి. ఆవిడ వాటి పక్కనుంచే లోపలికి వెళ్ళారు.